సాయంత్రం ఆరు దాటితే పార్కు ఎవరిది?

జిల్లా కేంద్రాల్లో పార్కుకు ఒక టైంటేబుల్ ఉంటుంది. గేటు మీద రాసి ఉండదు గానీ ఊరందరికీ నోటికొచ్చు. తెల్లారి అయిదున్నరకు రిటైరైన సార్లు, షుగర్ ఉన్న అమ్మలు. ఆరింటికి పోలీసు ఉద్యోగం కోసం పరుగులు తీసే పోరగాళ్లు, పిల్లలు. పదింటికల్లా ఖాళీ. మధ్యాహ్నం చెట్టు కింద ఎవరో ఒకరిద్దరు టవల్ పరుచుకొని కునుకు. నాలుగున్నరకు బడి పిల్లలు, జారుడుబల్ల, ఊయల, ఏడుపులు. ఆరు దాటి చీకటి పడగానే అమ్మలు పిల్లల చేయి పట్టుకొని ఇంటి దారి పడతారు. ఏడున్నరకు అదే బెంచీల మీద ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల ప్యాకెట్లు, మిక్చర్ పొట్లాలు.

మళ్లీ తెల్లారి అయిదున్నరకు వచ్చిన సారు మొదట చేసే పని వాకింగ్ కాదు. చెప్పు కొసతో సీసా పెంకులు పక్కకు నెట్టడం.

మా చిన్నమ్మ కూతురు డిగ్రీ సెకండియర్. ఇంటికి రెండు సందుల అవతలే పార్కు. షటిల్ బ్యాట్ కొనుక్కొని నెల రోజులు పోయింది, తర్వాత మానేసింది. ఏమైందే అంటే పెద్ద కథేం చెప్పలేదు. "ఏం కాలేదక్కా, కూసొని చూస్తుంటరు. అంతే" అన్నది. ఆ 'అంతే'కు పోలీసు కంప్లైంట్ ఉండదు, కేసు నంబరు ఉండదు. ఒక అమ్మాయి ఆట ఆగిపోయింది, దానికి ఎక్కడా లెక్క లేదు. ఆ పార్కు ఏ ఊరిదో చెప్పను. చెప్పినా చెప్పకపోయినా మీ ఊరిదే అనుకుంటారు, నాకు తెలుసు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి. 2016 అక్టోబరు 11 దాకా ఈ మూడూ ఉమ్మడి వరంగల్ జిల్లాలోని పట్టణాలు. ఆ రోజు నుంచి జిల్లా కేంద్రాలు. కలెక్టరేట్ వచ్చింది, ఎస్పీ ఆఫీసులు వచ్చాయి (జనగామ మాత్రం వరంగల్ పోలీస్ కమిషనరేట్ కిందే ఉంది), కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, అద్దె గదులు వచ్చాయి. పక్క మండలాల నుంచి వచ్చి గదుల్లో ఉండే యువతీ యువకులు ఒక్కసారిగా పెరిగారు. పది బై పది గదిలో ముగ్గురుండి చదువుకునే పిల్లకు, పిల్లగాడికి సాయంత్రం గాలి పీల్చుకోవడానికి ఏం ఉంటది? మాల్ లేదు, బీచ్ లేదు. ఉన్నది పార్కు, చెరువు కట్ట, స్టేడియం గ్రౌండ్. అందుకే ఇది పూల మొక్కల గురించిన వ్యాసం కాదు.

మొక్కలు వచ్చాయి, మనుషులు రావాలి

పచ్చదనం విషయంలో మన దగ్గర డబ్బు పెట్టలేదని అనలేం. పల్లె ప్రగతిలో ఊరూరా పల్లె ప్రకృతి వనాలు వేశారు. 2020 ఫిబ్రవరిలో మొదలైన పట్టణ ప్రగతితో మున్సిపాలిటీల్లోనూ వనాలు, పార్కులు, ఓపెన్ జిమ్‌లు వచ్చాయి. 2022 జూన్ 2 నుంచి క్రీడా ప్రాంగణాలు. బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికే పెట్టాలని 2018 పంచాయతీరాజ్ చట్టం, 2019 మున్సిపల్ చట్టం రెండూ చెబుతున్నాయి. మొక్క బతక్కపోతే సర్పంచి, సెక్రటరీ జవాబు చెప్పాల్సిన రోజులు కూడా చూశాం.

మొక్క బతికిందా అని అడిగారు. వనంలోకి మనిషి పోతున్నాడా అని అడిగినవాళ్లు తక్కువ. ఊరికి దూరంగా, ఎక్కడో మిగిలిపోయిన సర్కారు జాగాలో, లైటు లేకుండా వేసిన వనం రెండేళ్లకే చిక్కగా పెరిగి దాక్కోవడానికి మంచి చోటయింది. ఊరి బయట చిక్కటి చెట్లు, నాలుగు సిమెంటు బెంచీలు, కాపలా లేని గేటు. తాగడానికి సీక్రెట్ జాగా డిజైన్ చెయ్యమంటే ఎవరైనా ఇంతకన్నా బాగా చేస్తారా?

ఇక్కడ ఒక మాట న్యూయార్క్ గురించి చెప్పాలి. ఆ నగరం నడిబొడ్డున, పబ్లిక్ లైబ్రరీ వెనక బ్రయంట్ పార్క్ అని ఉంది. 1970ల్లో అది డ్రగ్స్ అమ్మేవాళ్ల అడ్డా. మామూలు మనుషులు చుట్టూ తిరిగి పోయేవాళ్లు తప్ప లోపల అడుగు పెట్టేవాళ్లు కాదు. 1980లో దాన్ని బాగు చేయడానికి స్థానికులు, పక్కనున్న వ్యాపారులు కలిసి ఒక సంస్థ పెట్టుకున్నారు. జనం వీధుల్లో ఎట్లా నడుస్తారు, ఎక్కడ కూర్చుంటారు అని ఏళ్ల తరబడి చూసి రాసిన విలియం వైట్ అనే ఆయన్ని సలహా అడిగారు. పోలీసుల్ని పెంచితే సరిపోతుందని ఆయన అనలేదు. పార్కు చుట్టూ పొదలు అడ్డమున్నాయి, లోపల ఏం జరుగుతుందో రోడ్డు మీదికి కనబడదు, వాటిని తీసెయ్యండి, దారులు పెంచండి అన్నాడు. 1988లో మూసి, 1992లో మళ్లీ తెరిచారు. పొదలు పోయాయి. జనం ఎటు కావాలంటే అటు జరుపుకునే కుర్చీలు వచ్చాయి. తిండి దుకాణాలు, శుభ్రంగా ఉండే బాత్రూములు వచ్చాయి. జనం వచ్చారు, అమ్మేవాళ్లు వెళ్లిపోయారు.

మన దగ్గర దీనికి ఉల్టా జరుగుతుంది. గొడవ అయిందంటే ముందు గేటుకు తాళం. తర్వాత గోడ ఎత్తు పెంచుతారు. ఎత్తు గోడ తాగేవాడికి అడ్డం కాదు, పరదా. వాడు గోడ దూకి వస్తాడు, లోపల హాయిగా ఉంటాడు. గోడ దూకలేనిది అమ్మమ్మ, చంటిపిల్ల తల్లి, వీల్ చెయిర్ మనిషి.

తప్పేది? ఒప్పేది?

ఈ టాపిక్ ఎత్తగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక లిస్టు తయారవుతుంది. తాగుబోతులు, గంజాయి, బైకుల రేసులు, అమ్మాయిల్ని ఏడిపించేవాళ్లు... అని మొదలై, మూడో మెసేజ్‌కల్లా 'లవర్స్' దగ్గరికి వస్తుంది. అయిదో మెసేజ్‌కు 'గుంపులుగా కూర్చునే పోరగాళ్లు'. ఆ తర్వాత ట్రాన్స్‌జెండర్లు, బిచ్చగాళ్లు. లిస్టు పూర్తయ్యేసరికి పార్కులో ఉండటానికి అర్హత ఉన్నవాళ్లు గ్రూప్ అడ్మిన్, ఆయన వాకింగ్ ఫ్రెండ్ మాత్రమే మిగులుతారు.

2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కు ముందు ఒక బ్యానర్ కట్టారు, పెళ్లికాని జంటలకు లోపలికి ప్రవేశం లేదని. ఫోటో ట్విట్టర్‌లో పడింది. పెళ్లయిందని గేటు దగ్గర ఏం చూపించాలి, శుభలేఖనా అని జనం ఆడుకున్నారు. జీహెచ్‌ఎంసీ ఆ బ్యానర్ తీయించి, విచారం చెప్పింది. అది నవ్వులాటతో పోయింది గానీ, వెనకున్న ఆలోచన పోలేదు. జంట కనబడితే ఫోన్ తీసి వీడియో చేయడం, 'మీ నాన్న నంబర్ చెప్పు' అనడం, డబ్బులు గుంజడం. నన్నడిగితే పార్కులో జరిగే అసలైన సంఘ వ్యతిరేక పని అదే.

సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో దీని గురించి గట్టిగానే చెప్పింది. 2001లో వడోదరలో నవరాత్రి గర్బా రాత్రి, ఒక సీఐఎస్‌ఎఫ్ కానిస్టేబుల్ కాబోయే భార్యతో బండి మీద పోతున్న యువకుడిని ఆపి, బెదిరించి, చేతి గడియారం గుంజుకున్నాడు. ఉద్యోగం పోయింది. ఆ తొలగింపు సబబేనన్న కోర్టు, పోలీసులు నైతిక పోలీసింగ్ చేయనక్కర్లేదని కూడా స్పష్టం చేసింది. యూనిఫాం వేసుకున్నవాళ్లకే లేని అధికారం కాలనీ కమిటీ వైస్ ప్రెసిడెంట్‌కు ఎక్కడి నుంచి వస్తుంది?

కాబట్టి గీత ఇక్కడ గీద్దాం. మరొకరి ఒంటి మీదికి, దారికి, నిద్రకు, ఆటకు అడ్డం వచ్చేది తప్పు. వెంటపడటం, కామెంట్ చేయడం, తాగి పడిపోవడం, సీసాలు పగలగొట్టడం, ఊయల గొలుసులు తెంపడం, గంజాయి అమ్మడం తప్పు. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడం కాదు. నలుగురు పిల్లగాళ్లు గట్టిగా నవ్వడం కూడా కాదు.

భూపాలపల్లి సంగతి దీనికి మంచి ఉదాహరణ. అది సింగరేణి ఊరు. కాకతీయ ఖనులు మూడు షిఫ్టుల్లో నడుస్తాయి. చెల్పూరు థర్మల్ కేంద్రం కూడా రాత్రీ పగలూ ఆగదు. కాబట్టి పగలు పదకొండింటికి బెంచీ మీద పడుకున్న మనిషిని 'తాగి పడ్డాడు' అనుకునే ముందు, రాత్రంతా భూమి కింద పని చేసి వచ్చాడేమో, ఇంట్లో పిల్లల గోలకు నిద్ర పట్టక ఇక్కడికొచ్చాడేమో అని ఒక్క క్షణం ఆగాలి. వ్యవసాయ పట్టణానికి పెట్టిన పార్కు టైమింగ్సే షిఫ్టుల ఊరికి పెడితే కుదరదు. రాత్రి పదకొండుకు డ్యూటీ దిగిన కార్మికుడికి ఎనిమిదింటికి తాళం వేసే పార్కు ఎందుకు? ఒక రకంగా షిఫ్టులు పార్కుకు వరం. వేరే ఊళ్లలో ఖాళీగా ఉండే గంటల్లో ఇక్కడ మనుషులుంటారు. కంపెనీ కాలనీ, కంపెనీ సెక్యూరిటీ ఉన్నచోట ఒక పద్ధతి ఉంది. గోడకు ఇవతల, మున్సిపాలిటీ వైపు ఇంకో పద్ధతి. ఆ రెండూ కూర్చుని మాట్లాడుకోవాల్సిన అవసరం ఉంది, ఎందుకంటే కాలనీ పిల్లలు, బయటి పిల్లలు ఆడేది ఒకే క్రికెట్.

ఆ అరవై మంది ఎక్కడ?

ఇప్పుడు అసలు విషయం. ఊరి జనం, మున్సిపాలిటీ, పోలీసులు కలిసి పార్కును చూసుకోవాలంటే కొత్త పథకం ఏదో రావాలని అనుకుంటాం. అక్కర్లేదు. చట్టంలో ఆల్రెడీ ఉంది.

2019 తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డులో నాలుగు కమిటీలు ఉండాలి. యువతది ఒకటి, మహిళలది ఒకటి, సీనియర్ సిటిజన్లది ఒకటి, ప్రముఖులది ఒకటి. ఒక్కో దాంట్లో 15 మంది. అంటే వార్డుకు 60. ముప్పై వార్డులున్న ఊరు అనుకోండి, 1,800 మంది. ఊళ్లలోనూ ఇలాగే, పంచాయతీకి నాలుగు స్టాండింగ్ కమిటీలు. పారిశుద్ధ్యానికి ఒకటి, వీధి దీపాలకు ఒకటి, మొక్కలకు ఒకటి, పనులకు ఒకటి. పార్కు బాగుండాలంటే కావాల్సినవి చూడండి: చెత్త తీయాలి, లైటు వెలగాలి, చెట్టు కొమ్మ కొట్టాలి, బెంచీ రిపేరు చేయాలి. నాలుగింటికి నాలుగు కమిటీలు. కాగితం మీద ఇంత చక్కగా కుదిరిన ఏర్పాటు అరుదు.

మీ వార్డు యూత్ కమిటీలో ఎవరున్నారో మీకు తెలుసా? మీరే యూత్. మీకే తెలియదు.

నిజం చెప్పాలంటే తప్పు ఒక్కరిది కాదు. సర్పంచుల గడువు 2024 మొదట్లో ముగిసి, 2025 డిసెంబరు ఎన్నికల దాకా దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలనే. 2020 జనవరిలో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2025 జనవరిలో అయిపోయింది. అడగడానికి కౌన్సిలరే లేని ఆ రోజుల్లో కమిటీని ఎవరు పిలుస్తారు? కానీ ఉన్నప్పుడు కూడా చాలాచోట్ల పట్టణ ప్రగతి రోజుల్లో ఫోటోలు దిగడం వరకే అయింది. సీనియర్ సిటిజన్ల కమిటీకి పార్కు తెల్లారి తెలుసు, యూత్ కమిటీకి సాయంత్రం తెలుసు, మహిళల కమిటీకి తాము పోలేని గంటలు తెలుసు. ఈ మూడూ ఒక్కసారి ఒకే బెంచీ మీద కూర్చుంటే పార్కు పూర్తి 24 గంటల మ్యాపు తయారవుతుంది. నలుగురు ప్రముఖులు టీ ఇప్పిస్తే చాలు.

పోలీసు ఎంత వరకు?

రాష్ట్రంలో షీ టీమ్స్ 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో మొదలై, తర్వాత అన్ని జిల్లాలకూ వచ్చాయి. మఫ్టీలో ఉంటారు, బస్టాండ్లు, కాలేజీలు, పార్కుల దగ్గర నిఘా పెడతారు, వీడియో సాక్ష్యం తీస్తారు. చిన్న తప్పయితే తల్లిదండ్రుల్ని పిలిచి కౌన్సెలింగ్, పెద్దదైతే కేసు. ఈ పద్ధతిలో నాకు నచ్చేది ఏమిటంటే ఫిర్యాదు చేసిన అమ్మాయి స్టేషన్ మెట్లెక్కి నలుగురిలో కథ చెప్పాల్సిన పని తగ్గుతుంది. 100కు గానీ 112కు గానీ కొడితే చాలు. గంజాయి సంగతయితే 1908. ఇది రాష్ట్ర నార్కోటిక్స్ విభాగం, 2025 జూన్ నుంచి 'ఈగల్' అని పిలుస్తున్నారు.

తాగి గొడవ చేసేవాళ్ల విషయంలో చట్టంలో ఒక మంచి మార్పు వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 355వ సెక్షన్ చూడండి. బహిరంగ ప్రదేశంలో తాగి ఇతరులకు ఇబ్బంది కలిగిస్తే 24 గంటల వరకు జైలు, లేదా 1,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ. పాత ఐపీసీలో జరిమానా పది రూపాయలే ఉండేది, సమాజ సేవ లేనే లేదు. శిక్ష వేసేది కోర్టే, మనం కాదు. కానీ వెయ్యి రూపాయలు కట్టి మళ్లీ అదే బెంచీ మీద కూర్చునేవాడికన్నా, నాలుగు రోజులు అదే పార్కులో సీసా పెంకులు ఏరినవాడికి ఆ జాగా వేరేగా కనబడుతుందని నా నమ్మకం.

అయితే, తాగడం ఆగాలంటే తాగే చోటు గురించి కూడా మాట్లాడాలి. వైన్స్ దగ్గర పర్మిట్ రూమ్ ఉంటుంది, కాదనను. అక్కడ గ్లాసుకు, స్టఫ్‌కు అయ్యే ఖర్చు, ఆ ఉక్కపోత తప్పించుకోవడానికి క్వార్టర్ జేబులో పెట్టుకొని చెట్టు గాలికి వస్తారు. రాష్ట్రంలో 2,620 వైన్స్ ఉన్నాయి, బెల్టు షాపులు ఎవరికీ లెక్క లేవు. ఒకవైపు అమ్మకాల ఆదాయం కావాలి, ఇంకోవైపు పార్కు శుభ్రంగా ఉండాలి అంటే కానిస్టేబుల్ ఒక్కడి మీద పడే భారం అది. పార్కుకు దగ్గర్లో వైన్స్ ఉన్నచోట, సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా బ్లూకోల్ట్స్ బండి రోజూ ఒకసారి ఆ పక్కగా వెళ్తే సగం పని అవుతుంది. రోజూ వెళ్లాలి. స్పెషల్ డ్రైవ్ అని నెలకోసారి ఇరవై మందిని పట్టుకొని ఫోటో తీస్తే, ఆ ఇరవై మంది మర్నాడు పక్క పార్కుకు పోతారు.

సీసీ కెమెరాల గురించి అందరూ అడుగుతారు. 2013 పబ్లిక్ సేఫ్టీ చట్టం వచ్చాక మన పోలీసులు జనం డబ్బుతోనే 'నేను సైతం' కింద వేలకు వేలు పెట్టించారు. దొంగతనం కేసుల్లో పనికొస్తాయి. పార్కులో మాత్రం కెమెరా చూస్తుంది గానీ 'ఏం రా, ఇక్కడేం పని' అని అడగదు. పైగా ఆ ఫుటేజీ ఎవరు చూస్తారు, ఎవరి ఫోన్‌లోకి పోతుంది అన్నది అమ్మాయిలకు ఇంకో భయం. ఒక హైమాస్ట్ లైటా, నాలుగు కెమెరాలా అని అడిగితే నేను లైటుకే ఓటేస్తా.

జనం పోలీసుకు చేయి కలపడంలో ప్రమాదం కూడా ఉంది. తమిళనాడులో 1993లో రామనాథపురం జిల్లాలో 'ఫ్రెండ్స్ ఆఫ్ పోలీస్' మొదలైంది. ఉద్దేశం మంచిదే, పోలీసుకూ ప్రజలకూ మధ్య వారధి. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో తండ్రీకొడుకులు పోలీసు కస్టడీ దెబ్బలకు చనిపోయిన కేసులో ఆ వాలంటీర్ల పేర్ల మీదా ఆరోపణలొచ్చాయి. జులైలో ప్రభుత్వం ఆ వ్యవస్థనే నిషేధించింది. కాబట్టి మన పార్కు కమిటీ చేతికి లాఠీ, మెడలో ఐడీ కార్డు ఇచ్చి 'నువ్వే పోలీసు' అనొద్దు. చూడాలి, పలకరించాలి, ఫోన్ చేయాలి. అక్కడితో వాళ్ల పని అయిపోయింది.

తొమ్మిది రోజులు ఎట్లా కుదురుతుంది?

జనగామలో బతుకమ్మ కుంట ఉంది. 2017లో ఆ కుంట భూమి మీద అప్పటి కలెక్టర్ ఆరోపణలు, ఎమ్మెల్యే ఖండనలు రాష్ట్రమంతా వార్త అయ్యాయి, గుర్తుండే ఉంటుంది. ఆ గొడవలోకి నేను వెళ్లను. నాకు ఆ పేరే ముఖ్యం. ఆడవాళ్లు రాత్రిపూట వేల మంది కలిసి చేరే జాగా అని పేరులోనే ఉంది.

ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు మన ఊళ్లలో ఏం జరుగుతుందో ఆలోచించండి. మున్సిపాలిటీ వాళ్లు ముందుగానే ముళ్లకంపలు తీస్తారు. లైట్లు కడతారు. నీళ్లు చల్లుతారు. పోలీసు బందోబస్తు ఉంటుంది. రాత్రి తొమ్మిదైనా పదైనా అత్తాకోడళ్లు, చిన్నపిల్లలు, బట్టల షాపులో పనిచేసే అమ్మాయిలు, టీచరమ్మలు అదే మైదానంలో ఉంటారు. 'చీకటి పడింది, పోవద్దు' అని ఏ తండ్రీ అనడు. ఆ తొమ్మిది రోజులు అక్కడ తాగేవాళ్లు ఎక్కడికి పోతారు? ఊరు విడిచి పోరు. ఆడవాళ్లు వందల్లో ఉన్నచోట సీసా తీసి కూర్చునే ధైర్యం ఉండదు, అంతే. పదో రోజు లైట్లు విప్పేస్తారు. పదకొండో రోజు సీసాలు వస్తాయి.

ఆడవాళ్లు కలిసి నిలబడితే సారా దుకాణమే కదిలిందని తెలుగు నేలకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకునే రాత్రి బడి నుంచి మొదలైన పోరాటం, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం దాకా తెచ్చింది. ఇప్పుడు ఆ స్థాయి పోరాటం అక్కర్లేదు. మెప్మా సంఘాల మహిళలకు పార్కులో ఒక టీ, టిఫిన్ స్టాల్ ఇవ్వండి. ఇందిరా మహిళా శక్తి క్యాంటీన్లు ఆఫీసుల్లో పెడుతున్నారు కదా, పార్కులో ఒకటి పెడితే ఏం? సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా ఇద్దరక్కలు స్టవ్ ముందు ఉంటే, అక్కడ ఒక లైటు, ఒక కుళాయి, తెరిచి ఉన్న బాత్రూం తప్పనిసరిగా ఉంటాయి. మిర్చీలు తినడానికి వచ్చినవాళ్లే కాపలా. జీతం ఇచ్చి వాచ్‌మన్‌ని పెట్టేకన్నా నయం, పైగా ఆ అక్కకు వ్యాపారం.

అమ్మాయిలు పార్కుకు రావట్లేదంటే భయం ఒక్కటే కారణం కాదు, అక్కడ వాళ్లకంటూ ఏదీ లేకపోవడం కూడా. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1990ల్లో గమనించారు, తొమ్మిది పదేళ్లు దాటగానే ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోంది. ఉన్న ఒక్క పెద్ద గ్రౌండును ఫుట్‌బాల్ ఆడే అబ్బాయిలు ఆక్రమించుకుంటే, పోటీ పడి అడగడం ఇష్టం లేక వాళ్లు తప్పుకుంటున్నారు. 1999లో రెండు పార్కుల్ని మార్చి చూశారు. ఒకే మైదానాన్ని చిన్న భాగాలు చేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్ పెట్టారు, నడకదార్లు పెంచారు. ఆడపిల్లలు తిరిగొచ్చారు. మా చిన్నమ్మ కూతురికి కావాల్సింది కూడా ఇదే, ఒక షటిల్ నెట్, దాని మీద ఒక లైటు.

మహబూబాబాద్‌లో ఈ సంగతి ఇంకా గట్టిగా అనిపిస్తుంది. జిల్లాలో మూడో వంతుకు పైగా గిరిజనులు. తండాల నుంచి వచ్చి హాస్టళ్లలో, గదుల్లో ఉంటూ పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే అమ్మాయిలు, అబ్బాయిలు ఎందరో. ఫిజికల్ టెస్టులో అబ్బాయిలకు 1,600 మీటర్లు, అమ్మాయిలకు 800 మీటర్ల పరుగు. తెల్లవారుజామున చీకట్లోనే లేచి ఉరుకుతారు. ఊరి పార్కుకు, గ్రౌండుకు ఇంతకన్నా నమ్మకమైన కావలివాళ్లు దొరకరు. రేపు యూనిఫాం వేసుకోబోయేవాళ్లు కూడా. వాళ్లకు ఒక మట్టి ట్రాక్, ఒక లాంగ్‌జంప్ గుంత, చీకటి విడిచేదాకా వెలిగే లైటు ఇస్తే చాలు, తెల్లారి నాలుగున్నర నుంచి ఆ జాగా వాళ్లది. అట్లాగే సాయంత్రం కూర్చునే పిల్లగాళ్లను తరమకుండా వాలీబాల్ నెట్ కట్టి, బంతి తాళం వాళ్లకే ఇవ్వండి. నెట్ ఎవడో తెంపితే ఎవడు తెంపాడో ముందు కనుక్కునేది వాళ్లే.

ఫోన్‌తో ఏం చేయొచ్చు?

ముందు చేయకూడనిది. ఎవరి మొహాన్నీ వీడియో తీసి స్టేటస్ పెట్టకండి. తాగి పడున్నవాడైనా సరే, వాడికీ ఒక బిడ్డ ఉంటుంది, అదే బడిలో చదువుతుంది. అమ్మాయి, అబ్బాయి కూర్చున్న వీడియో అయితే అసలే వద్దు, అది మీ మీదే కేసు అవుతుంది. గొడవ జరుగుతుంటే మధ్యలోకి దూకొద్దు, 112 కొట్టండి.

తీయాల్సినవి వేరే ఉన్నాయి. వెలగని లైటు, తెగిన ఊయల, విరిగిన గేటు, పగిలిన సీసాలు. తేదీ, టైము కనబడేట్టు, వారం రోజులు, ఒకే గంటకు. ఏడు ఫోటోలు పక్కపక్కన పెడితే 'నిన్ననే పోయింది సార్, రేపు వేస్తాం' అనే మాట చెల్లదు. వార్డు కమిటీల పేర్లు కావాలంటే మున్సిపాలిటీలో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి, ఫీజు 10 రూపాయలు. గ్రామ పంచాయతీలో అయితే ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

ఆ ఫోటోల ప్రింట్లు పట్టుకొని సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లండి. ఒక్కరే పోకుండా ఒక సీనియర్ సార్‌ని, ఒక సంఘం అక్కని, పరుగులు తీసే ఒక పిల్లను తోలుకొని పొండి. అర్జీ పొడుగ్గా వద్దు. ఇట్లా రాస్తే సరిపోతుంది:

"అయ్యా/అమ్మా, మా వార్డు పార్కులో రెండు లైట్లు ఇన్ని రోజులుగా వెలగడం లేదు, ఫోటోలు జతపరిచాము. రోడ్డు వైపు పొదలు మనిషి ఎత్తు పెరిగాయి, నడుము ఎత్తుకు కొట్టించగలరు. సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య పోలీసు గస్తీ ఈ దారిలో రోజూ ఒకసారి వచ్చేట్టు చూడగలరు. మహిళా సంఘానికి టీ స్టాల్‌కు జాగా ఇప్పించగలరు. షటిల్ నెట్ మేమే కొనుక్కుంటాము. మా వార్డు నాలుగు కమిటీల మీటింగ్ ఈ నెలలోనే, పార్కులోనే, సాయంత్రం ఏడు గంటలకు పెట్టించగలరు."